చీమ కుట్టినట్టే

గురువారం. పొద్దున్నుంచీ ముసురు. ఓపీ వసారా నిండా తడి గొడుగులు. (పిల్లల వివరాలు మార్చి, ఇద్దరు ముగ్గురి సంగతులు ఒకరిలో కలిపి రాస్తున్నా.)

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే నాన్నా!" రక్తం తీసే కుర్రాడు రోజుకి వందసార్లు అనే మాటే ఇది. కానీ తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ మాట వినగానే బల్ల మీంచి దూకి, తలుపు తోసుకుని, మెట్ల కింద జనరేటరు దాకా పరిగెత్తాడు. సూదికి భయపడ్డాడనుకున్నారంతా. "గారాబం ఎక్కువై మొండి వేషాలు" అంది నాయనమ్మ.

వాడి భయం సూది కాదు, చీమ. డెంగీ షాక్‌తో పిల్లల ఐసీయూలో పదకొండు రోజులున్నాడు, అందులో ఐదు రోజులు వెంటిలేటర్ మీద. ఇంటికెళ్లి పది వారాలైంది. ఐసీయూలో వాడి కోసం రోజూ రాసి ఉంచిన నోటుబుక్కులో, గొట్టం తీసిన రాత్రి సిస్టర్ రాసిన వరుస ఇది: "గోడ మీద నల్ల చీమలు పాకుతున్నాయని బొంగురు గొంతుతో చెప్పావు. దుప్పటి దులపమన్నావు, దులిపాను. గోడ మీద చీమలు లేవు."

పాతకాలం వాళ్లు దీన్నే సంధి కొట్టడం అనేవారు. ఐసీయూలో డెలీరియం అంటారు. జబ్బు తీవ్రత, పగలూ రాత్రీ తేడా తెలియని లైట్లు, తెగిన నిద్ర, మిడజోలామ్ లాంటి మత్తుమందులు అన్నీ కలిసి తెచ్చిపెడతాయి. కనిపెట్టడానికి కార్నెల్ స్కేలుంది. ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. మొత్తం తొమ్మిది, ఆపైన వస్తే అనుమానించాలి. డ్యూటీకి ఒకసారి సిస్టర్ వేస్తే చాలు. అయితే అరిచి, గొట్టాలు లాగే పిల్లలే అందరి కళ్లలో పడతారు. పైకప్పు చూస్తూ కదలకుండా పడుకున్న పిల్లని "బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుని వదిలేస్తారు. ఆ బుద్ధిమంతుల్లోనూ సంధి ఉంటుంది.

2008లో అచ్చయిన ఒక లండన్ అధ్యయనంలో ఐసీయూ నుంచి బయటపడ్డ 102 మంది పిల్లల్ని అడిగితే, దాదాపు మూడో వంతు మంది జరగనివి జరిగినట్టు చెప్పారు. తర్వాత పీటీఎస్‌డీ (జరిగిపోయిన భయం మనసుని వదలకుండా వెంటాడే జబ్బు) లక్షణాలు ఎక్కువ కనిపించింది ఆ పిల్లల్లోనే. ఉన్నదున్నట్టు గుర్తున్నందువల్ల ఆ తేడా రాలేదు. నిజంగా గుచ్చిన సూదికంటే, లేని చీమే ఎక్కువ కాలం కుడుతుందన్నమాట.

ఇళ్లలో మాత్రం మందు తలకిందులుగా పడుతుంది. "వాడికి గుర్తు చెయ్యకండి మేడమ్, దడుచుకుంటాడు" అంటారు. పిల్లాడితో ఒక్క ముక్క చెప్పరు. కానీ చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టానికీ, పిల్లాడు పక్కనే బత్తాయి ఒలుచుకుంటుండగా, "డాక్టర్లు చేతులెత్తేశారు వదినా, మళ్ళీ పుట్టాడనుకో" అని మొదటినుంచీ చెబుతారు. వాడికి అందేది కథలో భయం ముక్క ఒక్కటే. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలోకి చీమలొస్తాయి.

ఆ ఖాళీ కోసమే నోటుబుక్కు. డెన్మార్క్, నార్వే, స్వీడన్ నర్సులు 1980లు, 90లలో మొదలుపెట్టిన అలవాటిది. ఇక్కడ వాడేది మామూలు రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కే. రోజుకో పేజీ, నాలుగైదు వరుసలు, పిల్లాణ్ణి "నువ్వు" అని పిలుస్తూ. ఎవరొచ్చారు, ఏ మిషను ఎందుకు మోగింది, బయట వాన పడిందా, ఏ బొమ్మ పక్కన పెట్టారు. "ప్రాణాపాయం", "ఆశ వదులుకున్నాం" లాంటి మాటలు రాయకూడదు. "రేపటికి తగ్గిపోతుంది" అని మాటివ్వకూడదు. ఫొటోలు తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే తియ్యాలి. వెంటిలేటర్ మీద ఒకటి, గొట్టం తీశాక ఒకటి చాలు. వాటిని మూసిన కవర్లో పెట్టి, పిల్లాడు అడిగిన రోజే తెరవాలి.

అసలు లోపం ఎక్కడంటే, పిల్లాడికి బాగా సీరియస్‌గా ఉన్న రోజున సిస్టర్‌కి ఊపిరి సలపదు, పేజీ ఖాళీగా ఉండిపోతుంది. పిల్లాడి బుర్రలో చీకటిగా ఉన్న రోజూ సరిగ్గా అదే. అందుకే మర్నాడు కేస్ షీటు చూసైనా రెండు వరుసలు నింపాలి. ఇంకో పొరపాటు ఇంటి దగ్గర జరుగుతుంది. డిశ్చార్జైన రాత్రే తల్లి ఒక్కతే కూర్చుని మొత్తం చదివేస్తుంది. కనీసం నెలాగి, పట్టపగలు, పక్కన ఒక మనిషి ఉండగా, పూటకి రెండు మూడు పేజీలకు మించకుండా చదవాలి. నోటుబుక్కేమీ మంత్రం కాదు. 2019లో ఫ్రాన్స్‌లో 35 ఐసీయూల్లో పెద్దవాళ్ల కుటుంబాల మీద పరీక్షిస్తే, బంధువుల్లో పీటీఎస్‌డీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అయినా, నువ్వు అక్కడ ఏం చేశావో నీకు తెలియని పదకొండు రోజుల లెక్క నీ చేతిలో పెట్టడం తప్పెలా అవుతుంది?

ఇవాళ మూడో పేజీ దగ్గర పిల్లాడు ఆగాడు. "నన్ను కట్టేశారు కదా" అన్నాడు. అల్లరి చేశాడని కట్టేశారనీ, అమ్మ కిటికీ బయట నిలబడి చూస్తూ ఊరుకుందనీ పది వారాలుగా వాడి నమ్మకం. అమ్మతో అన్నం తినిపించుకోకపోవడానికి కారణం అదేనని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పేజీలో ఉన్నది చదివాం: "మత్తు తగ్గినప్పుడల్లా నోట్లో గొట్టం లాగబోతున్నావు. అందుకని మణికట్లకు దూది చుట్టి మెత్తటి గుడ్డతో కట్టాం. అమ్మని లోపలికి రానిచ్చేది పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. మిగతా టైమంతా గాజు తలుపు దగ్గరే నిలబడింది." పిల్లాడు తల్లి వైపు చూడలేదు. కుర్చీ మాత్రం కాస్త అటు జరిపాడు.

ఆ తర్వాత లెక్కలు. ఆ భయం ఇంకా ఎంత వెంటాడుతోందో కొలిచే క్రీస్-8 ప్రశ్నావళి ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి. గత ఏడు రోజుల సంగతులే అడగాలి. అస్సలు లేదంటే 0, అరుదుగా 1, అప్పుడప్పుడు 3, తరచూ 5. పదిహేడు, ఆపైన వస్తే జాగ్రత్తగా చూడాలి. మొదటిసారి ఇరవై ఆరు, ఇవాళ పంతొమ్మిది. తల్లి పక్కనుంటే పిల్లలు సున్నాలు చెబుతారు. అందుకే ఆమెని ఆ పది నిమిషాలు టీకి పంపాలి. నెల దాటాకా ఇలాగే ఉంటే, మనసుకైన గాయం మీదే దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచననీ నడతనీ మార్చే మాటల వైద్యం) ఆరు నుంచి పన్నెండు సెషన్లు పడుతుంది. అలాగని ఐసీయూ నుంచి రాగానే కూర్చోబెట్టి "ఏం జరిగిందో అంతా చెప్పు" అని తవ్వకూడదు. అది మేలు చెయ్యదు.

పంతొమ్మిదిలో పెద్ద వాటా ఇన్వర్టరుది. కరెంటు పోగానే అది ఐసీయూ మిషనులాగే కూస్తుంది, వీడు చెవులు మూసుకుని మంచం కిందికి. ఆ కూత ఫోన్లో రికార్డు చేసి, సౌండు ఒకటి మీద పెట్టి, రోజూ కనీసం ఐదు నిమిషాలు జంతికలు తింటూ వినమన్నాం. ఫోను వాడి చేతిలోనే ఉండాలి. భయానికి సున్నా నుంచి పది దాకా మార్కు వాడే వెయ్యాలి. మార్కు సగానికి దిగాకే ఆపాలి. మొదటి వారం తల్లి, పిల్లాడు ఏడుపు మొదలెట్టగానే ఆపేసింది. భయం ఎనిమిది మీదున్నప్పుడు ఆపితే "పారిపోతేనే బతుకుతా" అన్న పాఠమే పిల్లాడికి ఒంటబడుతుంది. ఇప్పుడు సౌండు నాలుగు దాకా వచ్చింది.

నాయనమ్మ బెంగ వేరు. దువ్వెన నిండా జుట్టు వస్తోందట. పెద్ద జబ్బు చేసిన రెండు మూడు నెలలకి జుట్టు రాలడం మామూలే, కొన్ని నెలల్లో అదే మొలుస్తుంది. కొండకి మొక్కు ఆలస్యమైనందుకే అంటుంది ఆవిడ. ఆ తలనీలాల మొక్కేదో ఈ నెల్లోనే తీర్చేస్తే దువ్వెన గొడవా తీరుతుంది, మాకేం అభ్యంతరం లేదు.

చెల్లెలికి ఆరేళ్లు. ఆ పదకొండు రోజులూ అమ్మమ్మ ఇంట్లో ఉంచారు. అన్నయ్యతో పెన్సిల్ కోసం కొట్లాడి "చచ్చిపో" అన్న మర్నాడే వాడికి జ్వరం వచ్చింది. ఇది ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు, బొమ్మలాటలో బయటపడింది. దోమ కుడితే డెంగీ వస్తుంది, మాటంటే రాదు. ఇంతే చెప్పాలి. కానీ ఒక్కసారితో సరిపోదు, వారానికోసారైనా చెప్పాలి.

తల్లి రాత్రికి ఏడెనిమిదిసార్లు పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. మానెయ్యమంటే మానలేదు. ఈ వారం పదకొండింటికీ మూడింటికీ రెండుసార్లే, వచ్చే వారం ఒక్కసారి. రోజు మార్చి రోజు నాయనమ్మ పక్కలో పిల్లాడు. తండ్రి ఇవాళ కూడా లోపలికి రాలేదు, బిల్లు కౌంటరు దగ్గరే ఉండిపోయాడు. అప్పు సంగతి అడిగితే మాట్లాడతాడు, ఐసీయూ మాటెత్తితే బండి తాళాలు వెతుక్కుంటాడు. మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆయన ఫోన్లోనే సేవ్ చేయించాం. రాత్రి పన్నెండింటికైనా తెలుగులో మాట్లాడొచ్చని చెప్పాం.

బడికి ఉత్తరం: మొదటి వారం రోజుకి రెండు గంటలు, తర్వాత రెండు వారాలు ఒంటిపూట. కింది అంతస్తు క్లాసు. ఎక్కాలు మర్చిపోయాడని నలుగురిలో నిలబెట్టకూడదు. ఏకాగ్రత తగ్గడం సోమరితనం కాదు.

రక్తం ఎలాగూ తియ్యాలి. మోచేతి మడతలో చర్మం మొద్దుబారడానికి లిడోకైన్-ప్రైలోకైన్ క్రీము మందంగా రాసి, పైన పారదర్శక ప్లాస్టర్ అంటించి గంట ఆగాం. ఇరవై నిమిషాలకే ల్యాబ్ నుంచి పిలుపొచ్చింది. అప్పుడు వెళ్తే మందు పట్టదు, పిల్లాడి దగ్గర క్రీము కూడా అబద్ధాల జాబితాలో చేరిపోతుంది. అరవై నిమిషాలయ్యాకే వెళ్లాం.

"ఎలా ఉంటుంది?" అని పిల్లాడే అడిగాడు. కుర్రాడు ఒక్క క్షణం తడుముకుని, "సూది గుచ్చినట్టే ఉంటుంది. మూడు లెక్కపెట్టేలోపు అయిపోద్ది" అన్నాడు. పిల్లాడు పైకే లెక్కపెట్టాడు. ఐదైంది. "ఐదు" అన్నాడు తప్పు పట్టినట్టు. "అవును, ఐదు" అని ఒప్పుకున్నాడు కుర్రాడు.

వెళ్లేముందు పెన్సిల్ అడిగి, నోటుబుక్కులో ఆ రాత్రి పేజీ తీశాడు. "గోడ మీద చీమలు లేవు" అన్న వరుస కింద, "కానీ నాకు కనిపించాయి" అని రాసి, తేదీ వేశాడు.