ఏటేటా ఒక చిన్న అంగీ

"సమూయేలు వాళ్ల అమ్మ మీద బెంగ పెట్టుకోలేదా?"

ఆదివారం ఉదయం జడ వేస్తుంటే మా అమ్మాయి అడిగింది. ఆరాధనకు అప్పటికే ఆలస్యమైంది, రెండో రిబ్బను కనబడటం లేదు. "మీ సండే స్కూల్ టీచర్‌ని అడుగు" అనేశాను. ఇంటికొచ్చాక టీచర్ ఏం చెప్పిందని అడిగితే, "టైమ్ అయిపోయిందమ్మా, ఇంట్లో మమ్మీని అడుగు అన్నారు" అంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది.

ఆ రాత్రి బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం తెరిచాను. రెండో అధ్యాయం 19వ వచనం ఎన్నిసార్లు చదివి దాటేసి ఉంటానో: "వాని తల్లి వానికి చిన్న అంగీ ఒకటి కుట్టి ఏటేట బలి అర్పించుటకు తన పెనిమిటితోకూడ వచ్చినప్పుడు దాని తెచ్చి వాని కిచ్చుచు వచ్చెను."

సమూయేలును వాళ్లమ్మ హన్నా చిన్నప్పుడే దేవుని సేవకు అప్పగించింది. పిల్లాడు ఉండేది షిలోహులోని మందిరంలో. హన్నా ఉండేది రామాలో. ఏడాదికి ఒక్కసారి చూస్తుంది. మరి కొలత? పోయినేడు భుజం ఇక్కడికి వచ్చింది, ఈసారికి ఇంత పెరిగి ఉంటాడు అనుకుంటూ అంచనా మీదే కుట్టి ఉండాలి. తర్వాత ఆమెకు ఇంకా ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ఇంటి నిండా పిల్లలు. అయినా ఆ అంగీ ఆగినట్టు కనబడదు. దేవుడికి అప్పగించేశాను, ఇక ఆయనే చూసుకుంటాడని చేతులు దులుపుకోలేదు ఆ తల్లి.

మనమూ అప్పగిస్తాం. బిడ్డను ప్రతిష్ఠించే రోజున సంఘమంతా లేచి నిలబడుతుంది, ఈ బిడ్డ కోసం ప్రార్థిస్తామని ఒప్పుకుంటుంది. ఫొటోలు దిగుతాం. ఏడాది తిరిగేసరికి ఆ బిడ్డ పేరు ఎంతమందికి గుర్తుంటుందో తెలియదు. తల్లిదండ్రులమేమో సండే స్కూల్ గుమ్మం దగ్గర పిల్లల్ని దించి, ఆ గంటతో మన వంతు అయిపోయిందనుకుంటాం. పిల్లలకు దేవుని మాటలు నేర్పడం గురించి ద్వితీయోపదేశకాండము 6:7 చెప్పేది గంట లెక్క కాదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. జడ వేసేటప్పుడు కూడా అన్నమాట.

ఇక మందిరం వైపు చూస్తే అక్కడ యాజకుడు ఏలీ ఉన్నాడు. ముసలివాడు, చూపు మందగించింది. మూడో అధ్యాయంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది: సమూయేలు అప్పటికి ఇంకా యెహోవాను ఎరుగడు. మందిరంలోనే పడుకుంటున్నాడు, ఏఫోదు అనే యాజకుల వస్త్రం వేసుకుని పరిచర్య చేస్తున్నాడు, అయినా ఎరుగడు! కంఠత వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న పిల్లల విషయంలో మనం ఇది మరిచిపోతుంటాం.

ఒక రాత్రి దేవుడు సమూయేలును పేరు పెట్టి పిలిచాడు. ఏలీయే పిలిచాడనుకుని మూడుసార్లు ఆ పిల్లాడు లేచి ఆయన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఏలీ విసుక్కోలేదు. మూడోసారికి పిలుస్తున్నది ఎవరో గ్రహించాడు. అప్పుడేం చేశాడు? పిల్లాడి బదులు తను వెళ్లి వినలేదు. "యెహోవా, నీ దాసుడు ఆలకించుచున్నాడు, ఆజ్ఞనిమ్ము" అనే మాట నేర్పి, వాడి పక్క మీదికి వాణ్ణి తిరిగి పంపించాడు. సంఘం ఒక బిడ్డకు చేయగలిగిన మేలు ఇంతకంటే పెద్దది నాకు కనబడటం లేదు. తెల్లారాక తన ఇంటి మీదికి రాబోయే తీర్పును ఆ పిల్లాడి నోటే విన్నాడు, కోప్పడలేదు.

అదే ఏలీ తన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసులను అడ్డగించలేకపోయాడు. పరాయి బిడ్డకు దేవుని స్వరం వినడం నేర్పినవాడి ఇంట్లోనే కొడుకులు తప్పిపోయారు. వారమంతా పరిచర్యలో తిరిగే సేవకుల కుటుంబాలను చూసినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. పోనీ, సమూయేలు కొడుకులైనా బాగుపడ్డారా అంటే యోవేలు, అబీయా లంచాలు తిన్నారు. అందుకే "ఇలా పెంచితే పిల్లలు తప్పకుండా దేవునిలో నిలబడతారు" అని ఎవరైనా గట్టిగా చెబితే నేను నమ్మను. మన చేతిలో ఉన్నది అంగీ కుట్టడం, మాట నేర్పడం. పిలిచేది ఆయన.

మరుసటి వారం టీచర్‌తో మాట్లాడాను. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఆమె నుంచి వాట్సాప్‌లో రెండు ముక్కలు వస్తాయి: ఈ వారం పాఠం ఇది, మీ పాప ఇది అడిగింది. ఇంట్లో ఆ ప్రశ్న ఎక్కడిదాకా వెళ్లిందో నేను తిరిగి రాస్తాను.

మొదటి ప్రశ్నకు మాత్రం ఆ రాత్రి పడుకునేటప్పుడే జవాబు చెప్పాను. "బెంగ పెట్టుకున్నాడో లేదో బైబిల్లో రాయలేదమ్మా. కానీ ఏటేటా వాళ్లమ్మ కొత్త అంగీ తెచ్చేది."

కాసేపు ఆలోచించింది. "మరి మధ్యలో పొట్టిదైపోతే?"

నాకేం తోచలేదు.

"నా ఫ్రాక్‌కి నువ్వు పెట్టినట్టు లోపల మడత పెట్టి కుట్టి ఉంటుందిలే" అని అటు తిరిగి పడుకుంది.