ఈసీజీ నార్మల్, దడ మాత్రం అలాగే

ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మలే. అయినా సాయంత్రం క్యాబ్ హారన్ వినబడితే చాలు, గుండె దడ, అరచేతుల్లో చెమట. అమ్మ దిష్టి తీసింది. చివరికి గుండె డాక్టరే నన్ను సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు.

నేను మాదాపూర్‌లో ఏఆర్ కాలర్‌ని, అంటే ఆసుపత్రులకు రావాల్సిన బాకీల కోసం ఫోన్ చేసేదాన్ని. అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు రాత్రంతా ఫోన్ చేసి, ఆగిపోయిన క్లెయిముల సంగతి కనుక్కోవాలి. అరగంట హోల్డ్‌లో పెట్టేది వాళ్లు, చూసిన అకౌంట్లు (క్లెయిములు) తగ్గాయని మాట పడేది నేను. టార్గెట్ నెల మధ్యలో కూడా పెరిగేది.

డాక్టరమ్మ నిద్ర గురించి అడిగాక, "టార్గెట్ ఎవరు పెడతారమ్మా? మధ్యలో లేచి టీ తాగనిస్తారా?" అన్నారు. జబ్బుకీ టీకీ సంబంధమేంటనుకున్నాను. పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి భయం, దడ ముంచెత్తే జబ్బు) అని తేల్చి మాత్రలు రాశారు, సీబీటీకి, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సకి పంపారు. మాత్రలు పట్టడానికి వారాలు పట్టింది, మొదట్లో ఒకటే వికారం. దడ వచ్చినప్పుడు పారిపోకుండా, అది తగ్గేదాకా కూర్చోవడం నేర్పింది మాత్రం సీబీటీనే.

సెలవులో ఆ టీ ప్రశ్న వెనకాల పడ్డాను. పని ఒత్తిడి ఎక్కువై, ఆ పనిమీద మన పెత్తనం ఏమీ లేకపోతే మనిషి బాగా దెబ్బతింటాడని రాబర్ట్ కరాసెక్ అనే అమెరికా సోషియాలజిస్ట్ 1979లోనే రాశాడు. అచ్చం నా సీటు గురించే! కెనడా 2013లో ఉద్యోగుల మానసిక భద్రతకు జాతీయ ప్రమాణమే తెచ్చింది. అందులో చూడమన్న 13 అంశాల్లో పనిభారం, మర్యాద, పనిలో మన మాటకు విలువ ఉన్నాయి. 2021లో ఇదే విషయం మీద ఐఎస్ఓ 45003 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అయితే వీటిని పాటించడం కంపెనీల ఇష్టమే, చట్టమేమీ కాదు. మా ఆఫీసు చేసిందల్లా పొద్దున పదకొండింటికి యోగా క్లాసు. నైట్ షిఫ్ట్ వాళ్లం అప్పటికి గాఢనిద్రలో ఉంటాం.

కోలుకున్నాక ఒక్కసారిగా పూర్తి పని వద్దని డాక్టరమ్మ లెటర్ ఇచ్చారు. అలాంటి పాలసీ లేదంది హెచ్‌ఆర్. మా టీమ్ లీడ్ అన్న మాత్రం సగం అకౌంట్లతో మొదలుపెట్టించాడు. హోల్డ్‌లో పోయిన టైమ్‌ని లెక్కలోంచి తీసేశాడు. నిజంగా నాకు ఊపిరాడింది ఆ చివరి మార్పుతోనే.

ఇప్పుడు పూర్తి పని చేస్తున్నాను. మాత్రలు డాక్టరమ్మే మెల్లగా తగ్గిస్తున్నారు. హోల్డ్ లెక్క టీమ్ మొత్తానికీ మార్చమని మెయిల్ పెడితే, వచ్చే క్వార్టర్‌లో చూద్దాం అన్నారు.