రంగు వేయని ఇల్లు

అమెరికాలో షార్లెట్ నుంచి చార్లెస్టన్‌కు కారులో మూడున్నర గంటలు పట్టింది. అమ్మ కోనసీమ నుంచి వచ్చి నెల కూడా కాలేదు. పాతకాలపు ఇల్లు చూద్దామంటే సంబరంగా బయల్దేరింది.

ఆష్లీ నది ఒడ్డున ఉంటుంది డ్రేటన్ హాల్. జాన్ డ్రేటన్ 1738లో ఈ స్థలం కొని కట్టించాడు. ఎర్ర ఇటుక గోడలు, ముందు రెండంతస్తుల వసారా. లోపల అడుగుపెట్టగానే అమ్మ ఆగిపోయింది.

"ఇంత ఇంట్లో కూర్చోడానికి ఒక పీటైనా లేదేమిటే?"

పీటే కాదు, కరెంటు లేదు, కుళాయి లేదు, ఏసీ లేదు. ఏడు తరాల డ్రేటన్ల చేతుల్లో ఉన్న ఈ ఇంటిని 1974లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తీసుకుంది. కొత్తగా తీర్చిదిద్దకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబెట్టాలని నిర్ణయించారు. అందుకే రంగు పెచ్చులు లేచిన చోట పెచ్చులే కనిపిస్తాయి. ఒకచోట చెక్క మీద ఆ ఇంటి పిల్లల ఎత్తులు కొలిచిన గీతలున్నాయి, పక్కన పేర్లు, తేదీలు. ఒక్క పూత పూస్తే అవి పోయేవి. మా వైపు మండువా లోగిళ్లకు టైల్స్ పరిచి, పెయింట్ కొట్టి బాగుచేశామనుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

డ్రేటన్ల సంపదలో పెద్ద వాటా వరిది. తీరపు చిత్తడి నేలల్లో గట్లు వేసి, తూములు పెట్టి వరి పండించింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ల పిల్లలు. పండిన ధాన్యాన్ని కర్ర రోళ్లలో దంచి, చేటలతో చెరిగేవాళ్లు. ఈ మాట చెప్పగానే అమ్మ ముఖం మారిపోయింది. "చిన్నప్పుడు ఇంటికి సరిపడా దంచితేనే నా రెక్కలు పడిపోయేవి. ఓడలకెత్తేంత బియ్యం దంచారా వీళ్లు?"

ఆ బానిసల వంశంలో 1908లో పుట్టిన రిచ్‌మండ్ బోవెన్స్, పెద్దయ్యాక ఈ ఎస్టేటుకే గేట్‌కీపర్‌గా పనిచేశాడు. ఎవరి గుడిసె ఎక్కడుండేదో ఆయన నోటనే తెలిసింది. 1998లో పోయాక ఆయన్నీ ఇక్కడే తమవాళ్ల మధ్య పూడ్చారు. ఆ శ్మశానాన్ని చదును చేయలేదు, తోటలా మార్చలేదు. వాళ్లను అలా పడుకోనివ్వండి అన్న మాట కమాను మీద ఉంది. చాలా సమాధులకు రాళ్లే లేవు. చెట్ల కింద నేల కుంగిన చోటల్లా ఒక మనిషి ఉన్నట్టే. అమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఆ పల్లాల మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి నడిచింది.