చదువు పక్కన నడిచిన వ్యాపారం

కళాశాల రోజుల్లో తోటి విద్యార్థుల కోసం టీషర్టులు ముద్రింపించి అమ్మినప్పుడు, లాభం లెక్కలో కనిపించినంత మాత్రాన చేతికి వచ్చినట్టు కాదని, బాకీలు వసూలయ్యేదాకా ముద్రణ ఖర్చు సర్దవలసింది నేనేనని తెలిసింది. సగం డబ్బు ముందుగా తీసుకోవడం, కొలతలనూ గడువునూ కాగితంపై రాయించుకోవడం అప్పుడే అలవాటయ్యాయి. ఉద్యోగంలో చేరాక క్లయింట్లతో మాట్లాడేటప్పుడు ఇవే అక్కరకు వచ్చాయి. కళాశాల నాటక బృందం నేర్పింది వేరు: జీతమిచ్చే స్తోమతగానీ ఆజ్ఞాపించే అధికారంగానీ లేకుండా నలుగురినీ సమయానికి రప్పించడం. 1984లో డెల్ కంప్యూటర్ల సంస్థ స్థాపకుడు మైకేల్ డెల్ విశ్వవిద్యాలయ వసతిగదిలో మొదలుపెట్టిన వ్యాపారాన్ని అందరూ ఉదాహరిస్తారు గానీ, ఆయన మొదటి సంవత్సరం తర్వాత చదువు మానేశారన్న సంగతిని, ఎందుకో మరి, అంతగా ప్రస్తావించరు. పరీక్షల నెలలో ఆర్డర్లు తీసుకోకూడదన్న నియమం పెట్టుకున్నందువల్లే నాకు చదువూ వ్యాపారమూ రెండూ సాగాయి.