బిషప్ హిల్: ఉమ్మడి వంట, ఉమ్మడి పద్దు

షికాగో నుంచి ఐ-80 హైవే మీద పడమరగా రెండున్నర గంటల ప్రయాణం. దారి పొడవునా మొక్కజొన్న, సోయా చేలే. గాల్వా అనే ఊరి దగ్గర చిన్న రోడ్డు పట్టుకుంటే బిషప్ హిల్ వస్తుంది. ఊరి జనాభా వందకు కాస్త పైన. 1846లో స్వీడన్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్లలో చాలామంది మేం కారులో వచ్చిన ఈ దూరమంతా నడిచే వచ్చారు.

వాళ్లను తెచ్చినవాడు ఎరిక్ యాన్సన్ అనే రైతు. బైబిల్ ఒక్కటి చాలన్నాడు, వాళ్ల చర్చికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ రచనలతో సహా మిగతా మతగ్రంథాలన్నీ తగలబెట్టించాడు. స్వీడన్ ప్రభుత్వ చర్చి ఊరుకుంటుందా? అరెస్టులు, కేసులు. చివరికి అనుచరులు ఆస్తులు అమ్మి, డబ్బంతా ఒకే ఖజానాలో పోసి అమెరికా దారి పట్టారు. మొదటి చలికాలం వాగు గట్టున తవ్వుకున్న గుంతల్లో గడిపారు. దాదాపు వందమంది వసంతం చూడలేదు.

1848లో కట్టిన చర్చి ఇంకా గట్టిగా ఉంది. ప్రార్థన హాలు పైన, కింద కుటుంబానికో గది. హాల్లో నల్ల వాల్‌నట్ చెక్క బెంచీలు, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఇంకోవైపు. గదుల్లో పొయ్యి పెట్టి వండుకోవడం లేదు, ఊరంతటికీ ఒకటే భోజనశాల.

మ్యూజియంలో ఓలోఫ్ క్రాన్స్ బొమ్మల దగ్గర మామయ్యగారు కదల్లేదు. పన్నెండేళ్లప్పుడు ఇక్కడికొచ్చిన క్రాన్స్, పెద్దయ్యాక ఆ రోజుల్ని గుర్తు తెచ్చుకుని గీశాడు. ఒక బొమ్మలో నల్లరేగడి మీద అటు చివర ఒకడు, ఇటు చివర ఒకడు తాడు లాగి పట్టుకుంటే, ఆ తాడు వెంట బారుగా నిలబడ్డ ఆడవాళ్లు మొక్కజొన్న గింజ వేస్తున్నారు. "మన నాట్ల వరసేనయ్యా ఇది" అన్నారాయన.

1850లో యాన్సన్‌ని దగ్గర్లోని కేంబ్రిడ్జ్ అనే ఊరి కోర్టులో జాన్ రూట్ అనేవాడు కాల్చి చంపాడు. అతని భార్య యాన్సన్‌కి బంధువు. ఆమెను ఊరు దాటనివ్వలేదన్నది అతని కక్ష. అందరూ ఈ హత్య కథే చెప్తారు గానీ, ఊరు కూలింది దానివల్ల కాదని నాకనిపించింది. నిజానికి వెలిగింది ఆ తర్వాతే. నార బట్టలు, చీపురు జొన్న అమ్ముకుని ఇటుక భవనాలు కట్టారు. 1854 నాటి స్టీపుల్ బిల్డింగ్ గడియారానికి గంటల ముల్లు ఒక్కటే ఉంది. నిమిషాలతో వాళ్లకేం పని!

దెబ్బకొట్టింది లెక్కలు. పెత్తనం ఏడుగురు ట్రస్టీల చేతికి వచ్చాక, వాళ్లలో ఓలోఫ్ జాన్సన్ ఊరి డబ్బును రైల్వే కాంట్రాక్టుల్లో, ధరలు పెరుగుతాయన్న జూదంలో (స్పెక్యులేషన్‌లో) పెట్టాడు. 1857 మాంద్యంతో అంతా తలకిందులైంది. 1861 నాటికి భూములు పంచుకోవాల్సి వచ్చింది. వయసును బట్టి వాటా, ఆడవాళ్లకూ ఇచ్చారు. ఆ రోజులకు అది చిన్న విషయం కాదు.

మామయ్యగారు సహకార బ్యాంకులో రిటైరైన మనిషి. "మరి అప్పులు?" అన్నారు. నేను అక్కడి వాలంటీరుని అడిగాను. అవీ పంచారట, కోర్టు వ్యాజ్యం 1879 దాకా సాగిందట.

"ఇంత భోజనశాల నడిపినవాళ్లు ఆడిటర్‌ని పెట్టుకోలేకపోయారా?" అంటూ ఆయన కారెక్కారు. షికాగో చేరేదాకా అదే టాపిక్.