మేఫ్లవర్ ముక్కు దగ్గర ఆగిన మూడు వారాలు

చెన్నైలోని మా ఇంటి వరండాలో కడుతున్న మేఫ్లవర్ నమూనాకు నిన్న రాత్రి చివరి చెక్కపట్టీ అంటించాను. 1620లో ఇంగ్లండు వలసదారులతో అట్లాంటిక్ దాటిన ఆ ఓడ నిర్మాణ పటాలేవీ మిగలలేదు. అది మోయగల సరుకు సుమారు 180 టన్నులన్న సమాచారాన్ని, ఆనాటి ఓడ నిర్మాణ పద్ధతులను ఆధారం చేసుకుని ఓడల రూపకర్త విలియం బేకర్ పటాలు గీయగా, వాటి ప్రకారం కట్టిన మేఫ్లవర్-2 1957లో ఇంగ్లండు నుంచి అమెరికా చేరింది. ఆ 106 అడుగుల ఓడ 1:72 నిష్పత్తిలో 45 సెంటీమీటర్లయింది.

ముక్కు భాగం కడవలా గుండ్రంగా ఉండటంతో, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టినా మూడో పట్టీ నిలువునా చీలింది. తప్పు చెక్కది కాదు, నాది. ఓడకు పక్కటెముకల్లాంటి అడ్డు చట్రాల అంచులను వంపుకు తగినట్టు ఏటవాలుగా చెక్కకుండానే పట్టీలు అంటించాను. నాలుగు పట్టీలు ఊడదీసి, ఉప్పు కాగితంతో ఒక్కొక్క అంచునూ రుద్ది, సన్నని పట్టీని అడ్డంగా ఆనించి, కింద వెలుతురు కనబడనంత వరకు సరిచేశాను. ఒకప్పుడు ఇదే మద్రాసు తీరంలో అడ్డు చట్రాలే లేకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి మసులా పడవలు కట్టినవారి చేతి నేర్పు అప్పుడు నాకు నిజంగా అర్థమైంది.

ఇప్పుడు కళ్లు మూసుకుని వేలితో తడిమితే ముక్కు నుంచి నడుము దాకా ఎక్కడా తట్టుకోవడం లేదు.