మాకు ఏడు, ఆతె వాళ్ళింట్లో పన్నెండు

నిన్న సాయంత్రం 7 గంటలకే మా రూమ్‌లో క్రిస్మస్ వచ్చేసింది. కువైట్ కంటే ఫిలిప్పీన్స్ 5 గంటలు ముందుంటుంది. నా రూమ్మేట్ వాళ్ళింట్లో అప్పుడు అర్ధరాత్రి, అందరూ కలిసి నోచె బుయెనా భోజనానికి కూర్చునే వేళ. ఆమెను నేను ఆతె అంటాను. తగాలోగ్‌లో అక్క అని అర్థం.

వీడియో కాల్‌లో బల్ల నిండా హామ్, ఎర్రటి గుండ్రని చీజ్, తియ్యటి స్పగెట్టి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తాతయ్య చెయ్యి నుదుటికి ఆనించుకుంటున్నారు. పెద్దల ఆశీర్వాదం అలా తీసుకుంటారట, మానో అంటారు. ఆతె కూడా వంగి ఫోన్‌కే నుదురు ఆనించింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆమెకు అన్నిటికంటే బెంగ సింబాంగ్ గాబి మీద. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే గుడిలో పూజ. బయటికి రాగానే అరిటాకులో కాల్చిన వేడివేడి బిబింకా. బియ్యప్పిండి, కొబ్బరిపాలు అని ఆమె చెబుతుంటే నా మనసు కోనసీమకి వెళ్ళిపోయింది. మా వీధిలో ఇంటింటికీ కట్టే స్టార్లు, మా అమ్మ చేసే అరిసెలు... నాకిది ఇంటికి దూరంగా మొదటి క్రిస్మస్. ఆతెకి నాలుగోది.

ఆతెది పంపంగాలోని సాన్ ఫెర్నాండో, పరోల్ అనే నక్షత్ర దీపాలకు పేరున్న ఊరు. డ్యూటీ అయ్యాక ఇద్దరం రంగు కాగితాలతో ఒకటి చేశాం. రెండు తోకలు ఉండాల్సిందేనని పట్టుబట్టి తనే అంటించింది. కిటికీకి కట్టాం. ఇంకా వెలుగుతూనే ఉంది.